దారంతో కొలిచిన లెన్సు

మా కూతురి బిడ్డ కొత్త కెమెరా కొనుక్కుని, దానికి ఏ లెన్సు పడుతుందో ఏది పడదో తేల్చుకోలేక కొన్నాళ్లుగా ఫోను పట్టుకునే కూర్చుంటోంది. కరీంనగర్‌లో పెళ్లి ఫోటోలు తీసే పని మొదలుపెట్టింది లెండి. ఆడపిల్ల మండపం ఎక్కి ఫోటోలు తీయడమేమిటని ముక్కున వేలేసుకున్న చుట్టాలే ఇప్పుడు ముహూర్తం పెట్టుకోగానే దానికి కబురు చేస్తున్నారు. మొన్నామధ్య కొట్టతను ఫోనులో మొట్టమొదట అడిగింది ఒకటే, నీ కెమెరాది ఏ మౌంటు అని. మౌంటు అంటే లెన్సు వచ్చి కూర్చునే కెమెరా మూతి. ఆ మాట చెవిన పడగానే చేతిలోని బియ్యం చాట పక్కన పెట్టేశాను. ఆ ప్రశ్న అడిగే మనిషి ఆనాడు మాకు ఒక్కడు దొరికి ఉంటే, ఇవాళ మా గోడ మీద ఇంకొక పటం ఉండేది.

మా ఆయన నేత ఇంటి బిడ్డ. మగ్గం గుంటలోకి దిగనని మొండికేసి, కరీంనగర్ విడిచి బెల్లంపల్లి బజారులో ఫోటో స్టూడియో పెట్టుకున్నారు. బొగ్గుబాయి పని జోరుగా సాగుతున్న రోజులవి. కొలువు దొరికిన ప్రతివాడూ తెల్ల బుష్‌కోటు కుట్టించుకుని మా స్టూడియోలో కాగితం పూలకుండీ పక్కన బిగుసుకుని నిలబడేవాడు. నెగెటివుల మీద సన్నని పెన్సిలుతో మచ్చలు పూడ్చడం, నలుపు తెలుపు ఫోటోలకు రంగులద్దడం నా పని. బతికుండగా ఫోటో దిగని మనిషి పోతే, పాడె ఎక్కించే ముందు కుర్చీలో కూర్చోబెట్టి తీయించుకునే అలవాటు నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ ఫోటోల్లో మూసుకుపోయిన కళ్లను కుంచెతో తెరిపించేది నేనే. అందుకని ఇరుగుపొరుగు ఆడవాళ్లు నన్ను కొంత మెచ్చుకునేవారు, కొంత జంకేవారు.

ఇంతమంది ముఖాలను నిలబెట్టిన మా ఇంట్లో మా మామగారి ముఖం మాత్రం లేదు. మా ఆయన కెమెరా చేతబట్టిన కొత్తలో తీసిన మొదటి ఫోటో వాళ్ల అమ్మది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆవిడ జ్వరంతో పోయింది. ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందని అప్పట్లో చాలామంది అనుకునేవారు. మామగారికి అది అనుకునే మాట కాదు, కళ్లారా చూసిన సంగతి. ముసలితనంలో మా దగ్గరికి వచ్చి ఉన్నాక, ఒకసారి మా ఆయన ధైర్యం చేసి ఫోటో మాట ఎత్తితే, కసరకుండా, కొడుకు ముఖం వైపు చూడకుండా ఆయన అన్న మాట నేను వంటింట్లోంచి విన్నాను.

“గా డబ్బ మీ అవ్వను తీస్కపోయింది. నన్ను గూడ పంపిస్తవా?”

ఆ పూట మా ఆయన అన్నం ముట్టలేదు. ఆయనకు కావలసింది ఉత్త ఫోటో కాదు. తండ్రి ముఖం ఒక్కసారి తీసి, తీసినా ఏమీ కాలేదని కొన్నాళ్లు పోయాక చూపించి, తల్లి చావు తన వల్ల కాదని ఆ నోటితోనే అనిపించుకోవాలి. ఇద్దరు పిల్లల తండ్రి అయ్యి కూడా ఆ ఒక్క మాట కోసం పసివాడిలా కాచుకున్నారు పాపం.

మా కెమెరాకున్నది పొట్టి లెన్సు. మనిషి దగ్గరికి పోతే తప్ప ముఖం సరిగ్గా పడదు, దగ్గరికి పోతే మామగారు కండువా ముఖాన వేసుకునేవారు. పొద్దంతా వాకిట్లో కూర్చుని, కరీంనగర్ నుంచి తెచ్చుకున్న నూలు చిక్కులు తీసి కండెలు చుట్టడం ఆయన కాలక్షేపం. మగ్గం విడిచినా చేతులు ఊరుకోవు కదా. పొడుగు లెన్సు ఒకటుంటే మిద్దె మీది నుంచి ఆయనకు తెలియకుండా తీయవచ్చునని మా ఆయన లెక్క వేసుకున్నారు. మా తమ్ముడు అప్పుడు భివండిలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తూ దసరాకు ఇంటికి వచ్చిపోయేవాడు. బొంబాయిలో పాత సామాన్ల బజారులో ఇలాంటివి దొరుకుతాయని వాడే చెప్పాడు.

మరి ఏ కొలతది తెమ్మని చెప్పాలి? నేత ఇంట్లో దేనికైనా కొలత దారమే. మా ఆయన కెమెరాకున్న లెన్సును ఊడదీసి, కెమెరాలోకి దూరే దాని తోక చుట్టూ నూలుపోగు తిప్పి, జారని ముడి వెయ్యమని తండ్రి చేతికే ఇచ్చారు. నేతగాళ్లు తెగిన పోగును అతికే ముడి అది, చిటికెలో పడుతుంది, ఎంత లాగినా జారదు. మామగారు ఎందుకని అడగకుండా ముడి వేసి, పళ్లతో కొస తెంపి కొడుకు చేతిలో పెట్టారు. తన ముఖాన్ని దొంగచాటుగా పట్టుకోబోయే వస్తువుకు తానే కొలత కట్టానని ఆ పిచ్చి మనిషికి తెలియదు.

ఆ దారం వెంట తీసుకుపోయిన తమ్ముడు మరుసటి దసరాకు లెన్సు తెచ్చాడు. తోకకు దారం వేసి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. మా ఆయన ముఖం వెలిగిపోయింది, ఆ వెలుగు లెన్సును కెమెరాకు ఆనించేదాకానే. మా కెమెరా మూతి లోపల కొక్కేలుంటాయి, లెన్సును పెట్టి కొంచెం తిప్పితే పట్టుకుంటాయి. వచ్చిన లెన్సు తోకకేమో సీసా మూతకున్నట్టు మరచుట్లున్నాయి. వెడల్పు ఒకటే, పట్టు వేరు. ఆ సంగతి దారం ఎట్లా చెబుతుంది? అడిగి తెలుసుకుందామంటే మా చుట్టుపక్కల అలాంటి కెమెరా ఉన్నవాళ్లే లేరు. తమ్ముడు సెలవు అయిపోయి బండెక్కాడు. మార్పించాలన్నా మళ్లీ దసరా రావాలి.

అప్పటిదాకా ఆగలేక మా ఆయన లెన్సును చేత్తోనే కెమెరా మూతికి అదిమిపట్టి, చుట్టూ నల్లగుడ్డ కప్పి, మిద్దె మీద బోర్లా పడుకుని తీసేవారు. ఫిలిం కడిగి చూస్తే వాకిలి, తెల్ల ధోతి, కండె పట్టుకున్న చేయి లీలగా కనిపించేవి. సందుల్లోంచి వెలుతురు దూరి ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక పడేది. ఒకరోజు మామగారు తల పైకెత్తి, ఏం జేస్తున్నవని అడిగారు. కొంగలను తీస్తున్నానని మా ఆయన తడబడ్డారు. అక్కడ కొంగలెక్కడివి? మామగారు తలాడించి నవ్వారు. మా ఆయనకు కావలసిన నవ్వు సరిగ్గా అదే.

ఆ ఎండాకాలం దాటకుండానే మామగారు నిద్రలోనే పోయారు. చుట్టాలు కుర్చీ తెచ్చి వాకిట్లో వేశారు, కెమెరా తెమ్మని తొందరపెట్టారు. మా ఆయన తెచ్చారు, ఎత్తారు, దించేశారు.

“బతికినన్నాళ్లు వద్దన్నడు. ఇప్పుడు వద్దనేటందుకు నోరు లేదని తీస్తనా?”

చుట్టాలు కుర్చీ తీసి పక్కన పెట్టారు. దశదినం నాడు పటం పెట్టే చోట ఆయన చుట్టిన నూలు కండె పెట్టి బొట్టు పెట్టాం. నీ చేతిలో విద్య ఉంది కదా, గుర్తున్నంత గీసిపెట్టమని ఆడబిడ్డ ఏడ్చింది. కన్ను తెరిపించాలంటే కన్ను మూసిన ఫోటో అయినా ఉండాలి కదా, ఉత్త కాగితం మీద నేనెవరిని తెరిపించను? మా ఆయన వినాలనుకున్న ఆ మాట ఎవరి నోటా రాకుండానే పోయింది. ఆ తర్వాత ఆయన కూడా కెమెరా వెనకే ఉన్నారు తప్ప ముందుకు ఎన్నడూ రాలేదు.

రంగుల ల్యాబులు వచ్చి నా పెన్సిలుకు పని లేకుండా చేశాయి. బాయిలు ఒక్కొక్కటే మూతపడి బుష్‌కోట్ల మనుషులు ఊరు విడిచారు, మేమూ స్టూడియో ఎత్తేసి కరీంనగర్ చేరాం. మా ఆయన పోయాక గోడకు పెట్టుకుందామంటే గుర్తింపు కార్డు మీది ముఖమే దిక్కయింది. దాన్నే పెద్దది చేయిస్తే అంతా చుక్కలు చుక్కలుగా వచ్చింది. దిద్దడానికి నా చేతులు అప్పటికే వణుకుతున్నాయి.

మనవరాలికి ఈ కథంతా చెప్పి, పెట్టె అడుగునుంచి తోకకున్న దారం విప్పి ఆ లెన్సు తీసి ఇచ్చాను. అది ఫోనులో ఏదో వెతికి ఒక రింగు తెప్పించింది. చేతిగాజు కన్నా చిన్నది, ఒకవైపు మరచుట్లు, ఇంకోవైపు కొక్కేల పట్టు. లెన్సును దానికి తిప్పి కెమెరాకు పెడితే బుద్ధిగా పోయి కూర్చుంది. ఇంతేనా అని నాకు నవ్వొచ్చింది, వెనకే దుఃఖం ముంచుకొచ్చింది. అద్దాల లోపల పత్తి పోగుల్లాంటి బూజు పట్టింది, అయినా చూద్దామని పిల్ల మిద్దె ఎక్కి నా వైపు పెట్టింది. కెమెరా కనబడితే కొంగు అడ్డం పెట్టుకోవడం నాకూ అలవాటైంది. నిన్న పెట్టుకోలేదు.

“తియ్యి బిడ్డా. నేను గీడనే కూసుంట.”

ఫోటోలో నా ముఖం పొగమంచులో ఉన్నట్టు వచ్చింది. ఫోనులో నిమిషంలో శుభ్రం చేస్తానంది, వద్దన్నాను. ఇప్పుడు ఏ లెన్సుకైనా ఏదో ఒక రింగు దొరుకుతోంది, మూసిన కన్ను తెరవడానికి కుంచె కూడా అక్కర్లేదు. ఎదురుగా కూర్చోవలసిన వాళ్లే లేరు. దారాన్ని మళ్లీ లెన్సు తోకకు వేసి పెట్టెలో పెట్టేశాను. ముడి ఇంకా జారలేదు. మా మామగారిది మా ఇంట్లో మిగిలింది అదొక్కటే.