చెదిరిన బొమ్మను నమ్మం: మైపాడు నుంచి నెల్లూరికి రెండో స్కాన్ ప్రయాణం

మైపాడు నుంచి నెల్లూరికి పాతిక కిలోమీటర్లు. దీనికీ ప్రయాణ అనుభవమేనా అని నవ్వేవాళ్ళు నవ్వండి. ఊటీ గురించి రాస్తే చదివారుగా, ఇదీ చదవండి. ఈ దారిన మీలో చాలామంది పోవాల్సి రావచ్చు. మా ఆయన మస్తాన్‌కి అరవై రెండేళ్ళు, ఊళ్ళో వలల దుకాణం. ప్రొస్టేట్‌లో తేడా ఉంటే పెరిగే పీఎస్ఏ రక్తపరీక్షలో ఎక్కువ ఉందని, మూత్రసంచి కిందుండే ఆ గ్రంథికి నెల్లూరిలో ఎంఆర్ఐ తీయిస్తే "అనుమానించదగ్గదేమీ లేదు" అని రిపోర్టు వచ్చింది. ఇంట్లో అందరూ అమ్మయ్య అనుకున్నారు. యూరాలజిస్టు మాత్రం సీడీలో బొమ్మలు చూసి పెదవి విరిచారు. పేగులో గ్యాస్ వల్ల, కదలడం వల్ల బొమ్మలు చెదిరిపోయాయట. "లేదని కాదమ్మా, కనబడలేదని. మళ్ళీ తీయించండి" అన్నారు.

మా మరిది ఖాదర్ ఒప్పుకోలేదు. "లేదని రాసిచ్చినాక మళ్ళా కెలుక్కోవడం ఏంది వదినా? కోరి జబ్బు తెచ్చుకుంటారా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బురద నీళ్ళలో రొయ్య కనబడకపోతే గుంటలో రొయ్యే లేదంటామా? మా ఆయన్ను నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. స్కాన్‌కి ముందు పేగు ఖాళీ అయ్యే మందు వెనక నుంచి ఎక్కించాలని అక్కడి అమ్మాయి చెబితే, సిగ్గుపడి "ఇంట్లోనే అయిపోయిందమ్మా" అని అబద్ధమాడి పడుకున్నారట. పైగా ముందురోజు పెళ్ళి బిర్యానీ! సరే, అబద్ధం ఆయనదే. చెదిరిన బొమ్మ మీద "ఏమీ లేదు" అని సంతకం పెట్టినవాళ్ళను ఏమనాలి? మద్రాసు పొమ్మని అందరూ చెప్పారు. పోనన్నాను. మెషీన్‌లో తప్పు లేదు, నెల్లూరిలో ఆ సెంటరులోనే సరిగ్గా తీయించాలి.

ఉదయం ఏడింటికి పెంచలయ్య ఆటోలో బయల్దేరాం. బస్సు చవకే కానీ, మాటిమాటికీ బాత్రూం అవసరమయ్యే మనిషికి ఆటో మేలు. రానూపోనూ, వెయిటింగుతో కలిపి వెయ్యి మాట్లాడుకున్నాం. రొయ్యల గుంటల మధ్య రోడ్డు మీద ఇందుకూరుపేట చేరాక టీకి ఆపాడు. పక్కనే పెనం మీద కారం దోశ. మా ఆయన చూపు దాని మీదే.

"ఒక్కటి తింటే ఏమైద్దక్కా? పెద్దాయన మొహం చూడు" అంది దోశలు పోసే ఆమె.

"ఈ పొద్దు ఒక్కటి కూడా లేదు" అన్నాను. మా ఆయన నిట్టూర్చి ఆటో ఎక్కారు.

ఎనిమిదిన్నరకు స్కాన్ సెంటరులో ఉన్నాం. "నార్మల్ వచ్చింది కదమ్మా, మళ్ళా దేనికి?" అంది కౌంటరు అమ్మాయి.

"బొమ్మ చెదిరింది గనక. ప్రొస్టేట్ బొమ్మ!" అన్నాను, హాలంతా వినబడేలా. మా ఆయన నా కొంగు లాగారు. లాగితే ఊరుకుంటానా? "డాక్టరుగారు చూసి బాగా వచ్చాయని చెప్పేదాకా ఈయన బల్ల దిగరు. నేనూ ఇక్కణ్ణించి కదలను."

గొడవ విని స్కాన్ బొమ్మలు చదివే డాక్టరు, రేడియాలజిస్టు వచ్చారు. పాత బొమ్మలు తెరిచి చూశారు. వాదించలేదు. "ఇవి చదవడానికి పనికిరావు. ఆ మాట రిపోర్టులో రాయాల్సింది" అన్నారావిడ. నా కోపం సగం దిగింది. మగ టెక్నీషియన్ ఉన్నాడా అని అడిగితే, ఉన్నాడు! ఇంత చిన్న సంగతి మొదటిసారి మేం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఈసారి మందు ఎక్కించారు. మొదటి బొమ్మల్లో ఇంకా గ్యాస్ కనబడితే ఆవిడే లేపి మళ్ళీ బాత్రూంకి పంపారు. పేగు కదలకుండా ఇంజెక్షన్ ఇచ్చి, మొత్తం మొదటి నుంచి తీశారు. "బాగా వచ్చాయి" అన్నాకే ఆయన బల్ల దిగారు.

రెండింటికి లోపలికి పిలిచారు. గ్రంథిలో ఒక పక్కన చింతగింజంత నల్లమచ్చ. పాత బొమ్మలో అదే చోట అంతా అలికినట్టుంది. "క్యాన్సర్ అవునో కాదో సూదితో ముక్క తీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది. సూది ఎక్కడ గుచ్చాలో మాత్రం ఇప్పుడు తెలుసు" అన్నారు. దేవుడా, నా అనుమానమే తప్పని తేలితే ఎంత బాగుండేది!

తిరుగుదారిలో ఖాదర్ ఫోన్ చేశాడు. కబురు అప్పటికే ఇంటికి చేరింది. "చూసినావా వదినా, కెలికి కెలికి తెచ్చినావు!"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన ఫోన్ లాక్కున్నారు. పెంచలయ్య వింటుండగానే అరిచారు. "ఆమె తెచ్చేదేందిరా? ఆ మచ్చ నా ఒంట్లో ముందే ఉండాది. ఇద్దరం ఒక తల్లి కడుపున పుట్టినోళ్ళం, నీకూ యాభై అయిదు దాటినాయి. రేపే పోయి రక్తం చూపించుకో. నా మాదిరి సిగ్గుపడి అబద్ధం మాత్రం చెప్పబాక!"

అవతల ఖాదర్ మెల్లగా, "ఎక్కడ చూస్తారన్నా?" అన్నాడు.

వచ్చే వారం సూది పరీక్ష. భయంగా ఉంది, దాచను. అయినా ఆ మొదటి కాగితం నమ్ముకుని ఇంట్లో హాయిగా కూర్చుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇంకా భయం. ఈ స్కాన్‌కి పోయేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. బల్ల దిగేముందు బొమ్మలు స్పష్టంగా వచ్చాయా అని అడగండి, ఆ జవాబు రిపోర్టులో రాయమనండి. విసుక్కుంటే విసుక్కోనీండి. ఒళ్ళు మనది.