ఎలుగుబంటి చెయ్యి పట్టుకునే ఉద్యోగం

మెడలో కంపెనీ ట్యాగు వేలాడితేనే మనిషి కింద లెక్క అనుకునే రోజులవి. నాతో డిగ్రీ చదివినవాళ్లంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనో కాల్ సెంటర్లలోనో కుదురుకుంటుంటే, నాకు సికింద్రాబాద్ శివార్లలోని ఓ పిల్లల పార్కులో ఉద్యోగం దొరికింది. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే మాట మార్చేదాన్ని. ఎలుగుబంటి చెయ్యి పట్టుకుని నడిపించడం నా పని.

వేషం లోపలున్న మనిషికి ఎలుగు నోటి దగ్గరుండే జాలీలోంచి కాస్త వెలుతురు తప్ప ఏమీ కనిపించదు. ముందు మెట్టుందో, పసిపిల్లాడున్నాడో తెలియదు. మాట్లాడకూడదు, పిల్లల ఎదుట తల తీయకూడదు. ఉక్క తట్టుకోలేకపోతే నా చెయ్యి రెండుసార్లు నొక్కాలి. అప్పుడు నేను, ఎలుగుకి ఆకలేసింది, తేనె తాగి వస్తుంది అని పిల్లలకి చెప్పి వెనక గదిలోకి తీసుకెళ్లాలి.

ఆ రేకుల గదిలో ఓ కూలర్, దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఐసు ముక్కలు చుట్టిన తువ్వాళ్లు, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం ఉండేవి. వేషం వేసినవాళ్లకి, అంటే ఎలుగుకీ కుందేలుకీ, అరగంట పని, అరగంట విశ్రాంతి. ఎలుగు కూర్చోగానే కుందేలు లేస్తుంది, కుందేలు కూర్చోగానే ఎలుగు లేస్తుంది. ఇద్దరినీ మార్చి మార్చి తిప్పేది నేనే కాబట్టి నాకు కూర్చోవడమన్నది లేదు. మే నెల ఎండ ఒంటి మీద బొచ్చున్నవాళ్లకే తగులుతుందని మా పార్కు వాళ్ల నమ్మకం. నాకు దొరికే విశ్రాంతి మధ్యాహ్నం భోజనం వేళ ఒక్కటే.

ఎలుగు లోపలుండే అమ్మాయి బన్సీలాల్‌పేట నుంచి వచ్చేది. నాకన్నా చిన్నది, అక్కా అని పిలిచేది. తల తీయగానే జుట్టు నుదుటికి అతుక్కుపోయి, మొహం కందిపోయి ఉండేది. అయినా నవ్వుతూనే ఉండేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లుమంట. ఆమె కుర్చీలో వాలి నిమ్మరసం తాగుతుంటే, ఎలుగు తలలో పాత పేపర్లు కుక్కి ఫ్యాను ముందు ఆరబెట్టాల్సింది నేను. ఒకరోజు ఆ పిల్ల కళ్లు తిరిగి పడిపోతే అందరూ పరిగెత్తుకొచ్చారు. ఒకరు అరికాళ్లు రుద్దారు, ఒకరు గ్లూకోజ్ కలిపారు. నేను అట్టముక్కతో విసిరాను. విసురుతూనే, నేను పడిపోతే ఇందులో ఎంతమంది వస్తారని కుళ్లుకున్నాను.

వాళ్ల బ్రేకులైనా ఓర్చుకునేదాన్నేమో. పిల్లల్ని చూస్తేనే కడుపు రగిలిపోయేది. ఎలుగు కనబడగానే అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి నడుము చుట్టేసేవారు. దాని పొట్టకి చెంప ఆనించి కళ్లు మూసుకునేవారు. వాళ్ల నాన్నలు కెమెరాలు తీసి, కాస్త పక్కకి జరగమని నాకు చెప్పేవారు. చెయ్యి వదిలితే ఎలుగు పడిపోతుంది గనక పూర్తిగా జరగలేకపోయేదాన్ని. ఆ వేసవి ఫొటోల్లో ఎన్నింట్లో నా మోచెయ్యి ఒక్కటే పడిందో. ఆ వేషం నేను వేసుకుంటే ఆ పిల్లలు నా దగ్గరికే వస్తారు కదా అని రాత్రీ పగలూ అదే ధ్యాస. మల్కాజ్‌గిరిలో మా ఇంటి బీరువా అద్దం ముందు నిలబడి ఎలుగు నడక సాధన చేసేదాన్ని. అమ్మ చూసి, శ్రీకాకుళం వదిలి ఎన్నేళ్లయినా పోని యాసలో, "ఏటే ఆ గెంతులు, ఒంట్లో బాగుందా?" అంది.

ఎవరు లోపలుండాలో, ఎవరు బయటుండాలో చెప్పేది మా సూపర్‌వైజర్ మేడమ్. చర్చిలో ఏటా పిల్లల చేత క్రిస్మస్ నాటికలు వేయించేది, అందుకే వేషాలు ఆమెకి అప్పగించారు. ఎలుగు నాకివ్వమని రెండుసార్లు అడిగితే చూద్దాంలే అంది. చివరికి ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు కుటుంబాలతో వచ్చిన శనివారం, ఎలుగు వేసే ఆ పిల్ల మెడ మీద చెమటకాయలు చితికి పుండ్లయ్యాయి. ఈ ఒక్కరోజు మీరిద్దరూ మార్చుకోండి అంది మేడమ్. పైకి అయ్యో పాపం అన్నాను. లోపల పండగ.

నాకు తల తొడుగుతూ ఆ పిల్ల, "పరేషాన్ గాకక్కా, మెల్లగ ఊపిరి తీస్కో. నీ చెయ్యి నేను ఇడువ," అంది.

లోపల కుంపటే. చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకునే వీల్లేదు. అయినా ఆ అరగంట నేను మహారాణిని. పిల్లలు వచ్చారు, నడుము చుట్టేశారు. కానీ జాలీలోంచి చూస్తే, నన్ను పట్టుకున్న పిల్లలంతా తల పైకెత్తి చూస్తున్నది పక్కనున్న ఆ అమ్మాయి మొహాన్ని. నన్ను చూసి గుక్కపెట్టి ఏడ్చిన ఓ పసివాణ్ణి ఆమె చంకనెత్తుకుంది. వాడు అక్కడ స్థిమితపడి, ఆమె ముట్టుకుని చూపించాక నా ముక్కు ముట్టుకున్నాడు. ట్యాగులు వేసుకున్న నాన్నలెవరూ ఆమెని పక్కకి జరగమనలేదు. మీరూ రండి అని పిలిచి ఫొటోలు తీసుకున్నారు.

నా బ్రేకు వచ్చింది. ఇన్నాళ్లూ కలవరించిన కుర్చీలో, కూలర్ ఎదుట, మెడకి ఐసు తువ్వాలుతో కూర్చున్నాను. తలుపులోంచి బయటకి కనిపిస్తోంది. ఆ పిల్ల కుందేలుని తిప్పుతోంది. పిల్లలు ఆమె చుట్టూ మూగి చున్నీ లాగుతున్నారు. కుందేలు మాత్రం ఓ పక్కన పిలవని పేరంటానికి వచ్చినట్టు నిలబడి ఉంది. నిమ్మరసం గ్లాసు కింద పెట్టేశాను. ఇన్నాళ్లూ నేను ఆ బొచ్చుని చూసి ఏడుస్తున్నాననుకున్నాను.

సాయంత్రం మేడమ్ నన్ను పిలిచింది. మంచి కబురు చెబుతున్నట్టు నా భుజం తట్టింది.

"రేపట్నుంచి ఎలుగు నీదే. ఆ పిల్లది ఎంత నవ్వుమొహమో చూశావు కదా, దాన్ని లోపల పెట్టి మూసేయడం వేస్ట్. నీకైతే లోపలే బాగుంటుంది."

థాంక్స్ మేడమ్ అన్నాను. ఇంకేమంటాను?

అడిగిందంతా ఇచ్చారు. అరగంటకోసారి కుర్చీ, కూలరు, నిమ్మరసం. సెలవులయ్యేదాకా ఆ పిల్ల చెయ్యి పట్టుకునే నడిచాను. మాట ప్రకారం ఆమె ఒక్కసారి కూడా నా చెయ్యి వదల్లేదు. లోపల పళ్లు నూరుతూ పిల్లలకి చెయ్యి ఊపేదాన్ని. ఎవరికీ తెలిసేది కాదు, ఎలుగు మొహం మీద నవ్వు కుట్టేసి ఉంటుంది కదా.