రెండు కార్ల మీద చెంబెడు నీళ్ళు

మా తమ్ముడు మల్లప్ప తన బతుకులో రెండుసార్లే అబద్ధమాడాడు. రెండుసార్లూ నోటితో ఆడలేదు.

నేను మూడో తరగతి దాకా చదివాను. మా ఊళ్ళో అంతకంటే ఎక్కువ చదివినవాళ్ళు ఇంటికొకరున్నారు. వాళ్ళలో ఎవరూ మల్లప్ప గురించి రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా పేరు బీరమ్మ. బొంరాస్‌పేట పక్కన మా ఊరు. మొగుడు పోయిన నాటి నుంచి తమ్ముడింట్లోనే ఉంటున్నాను. ఊరికే కూర్చుని తినలేదు. నలభై ఏళ్ళు ఆ ఇంటి దొడ్డి ఊడ్చింది ఈ చేతులే.

మేం గొర్రెలు కాసేవాళ్ళం. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గొర్రెను కొని తెచ్చినా, అమ్మి పంపినా, దేవుడికి కోసినా, ముందు దాని వీపు మీద చెంబుతో నీళ్ళు పోసి చూస్తాం. అది ఒళ్ళు దులుపుకుంటే ఒప్పుకున్నట్టు. జడ్తి ఇచ్చింది అంటాం. ఇవ్వకపోతే ఎవరూ తాడు ముట్టరు. పొద్దుగూకేదాకా కూర్చోవలసి వచ్చినా కూర్చోవలసిందే.

మల్లప్పకు తొమ్మిదేళ్ళున్నప్పుడు, మా కులదేవుడు బీరప్ప పండగకు మా నాయన ఒక పొట్టేలును ఎంచాడు. తల్లి చస్తే మల్లప్ప పాలు తాగించి పెంచిన పొట్టేలు అది. పట్టుకొమ్మని కూడా వాడికే చెప్పారు. ఒక చెంబు పోశారు, రెండు పోశారు, నాలుగు పోశారు. పొట్టేలు కదలలేదు. డోళ్ళు కొట్టేవాళ్ళు అలిసిపోయి కూర్చున్నారు. అప్పుడు మా నాయన వంగి చూశాడు. మల్లప్ప ఎడమచెయ్యి పొట్టేలు చెవుల వెనుక, బొచ్చులో మణికట్టు దాకా మునిగి ఉంది. అక్కడ గట్టిగా అదిమి పట్టుకుంటే ఒళ్ళు దులుపుకోవడం గొర్రె వల్ల కాదు. మా నాయన కొట్టిన దెబ్బకు వాడు అంత దూరాన పడ్డాడు. చెయ్యి తీయగానే పొట్టేలు జడ్తి ఇచ్చింది. కోశారు. ఆ పూట మల్లప్ప అందరితో పాటు కూర్చుని తిన్నాడు.

అది మొదటి అబద్ధం. తరువాత యాభై ఎనిమిదేళ్ళు గొర్రెల వెంట నడిచాడు. చెప్పడానికి ఇంకేమీ లేదు.

పోయిన వానాకాలంలో వాడి భార్య శంకరమ్మ పోయింది. జ్వరమని పడుకుంది, మూడో రోజు లేవలేదు. పీనుగుకు స్నానం చేయించేటప్పుడు మొదటి చెంబు మొగుడే పోయాలన్నారు. పోశాడు. పోసి, ఖాళీ చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దుఃఖమని అందరూ అనుకున్నారు. వాడు దేనికోసం చూస్తున్నాడో నాకు తెలుసు. కాసేపటికి చెంబు నేనే తీసుకున్నాను.

వాడు ఏడవలేదు. నేనూ ఏడవలేదు. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. తెల్లారగానే మందను తోలుకుపోతాడు, మునిమాపుకు తెస్తాడు. ముప్ఫై ఎనిమిది గొర్రెలున్నాయి. అవి అరుస్తాయి కాబట్టి లేస్తాడు. అంతే.

వాడి కొడుకు మల్లేశ్వర్. తాండూరు నుంచి బండలు మోసే లారీలు నాలుగు నడిపిస్తాడు. తల్లి పోయాక ఇల్లు పాడుబడ్డ బావిలా ఉందని, కారు వస్తే కళ వస్తుందని వాడికి తోచింది. మామూలు కారు కాదు. రెండే తలుపులుండి, నేలకు అతుక్కుని పరుగెత్తే రకం. హైదరాబాదులో ఎవరో మోజు తీరి అమ్ముకున్నవి రెండు వికారాబాదులో అమ్మకానికొచ్చాయట, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. నెల రోజులు ఫోనులో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకరోజు అన్నాల దగ్గర మొదలుపెట్టాడు.

"అత్తా, ఎర్రది అయిదు సెకండ్లల్ల నూరు స్పీడు అందుకుంటది. నీలిదానికి ఆరు కావాలె."

"ఆ మిగిలిన సెకండు ఏం జేస్కుంటవ్‌రా? తాండూరు రైలుగేటు పడితే గంటసేపు కూసుంటవ్ గద."

"నీకు తెల్వదు. నీలిదాని సప్పుడు వేరే. మస్తుంటది. ఎర్రది నడుస్తదో లేదో తెల్వదు, గంత మెత్తగుంటది."

"ఎన్క ఎందరు కూసుంటరు?"

"ఎన్క సీటు పేరుకే అత్తా. నువ్వు నా పక్కన కూసో."

"మరి మీ నాయిన?"

మల్లేశ్వర్ ఫోనులోకి చూశాడు.

"కారు యాడ పెడ్తవ్?" అన్నాను.

"దొడ్డి తీసేసి షెడ్డు ఏస్త. గొర్ల కోసం బేరగాడు భీమప్పకు చెప్పిన, ఒక్కటేసారి తీస్కపోతడు. నాయినకు ఇంక ఎండల తిరుగుడు ఎందుకు?" అని, తండ్రి వైపు తిరిగాడు. "నాయినా, నీ చెయ్యి వెట్టకుండ మనింటికి ఏదీ రాలె. ఎర్రదా, నీలిదా, నువ్వే చెప్పాలె."

మల్లప్ప ముద్ద మింగి, "సూస్తె గద" అన్నాడు. నాలుగు నెలల్లో వాడు మాట్లాడిన పెద్ద మాట అదే.

ఏది కావాలో అడిగారు. కావాలా వద్దా అని అడగలేదు. గొర్రెల సంగతి అసలే అడగలేదు. అవి పోతే మల్లప్ప పొద్దున లేవడు. ఆ సంగతి నాకు తెలుసు. చెబితే ముసలిదాని గొణుగుడంటారు.

ముగ్గురం బస్సులో వికారాబాదు పోయాం. ఆ కార్లమ్మే రూపేష్ మాకు కుర్చీలు వేశాడు, చాయ్ తెప్పించాడు. మల్లేశ్వర్ నేల మీద బోర్లా పడుకుని, మా రోడ్ల మీది స్పీడు బ్రేకర్లకు ఏ కారు కడుపు తగులుతుందో టేపుతో కొలిచాడు. నన్ను ఎర్రదాని వెనుక సీటులో కూర్చోబెట్టి చూశారు. ముందు సీటు వంచి, నన్ను వంచి, లోపలికి తోశారు. దిగడానికి ఇద్దరు లాగారు.

"ఎట్లుంది పెద్దమ్మా?" అన్నాడు రూపేష్.

"మా కోళ్ళ గంప నయం" అన్నాను.

మల్లప్ప రెండింటి చుట్టూ తిరిగాడు. పొట్టేలును చూసినట్టే చూశాడు. వెనక నిలబడి కాళ్ళ ఎడం చూశాడు, నడుము మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. తరువాత నీళ్ళడిగాడు. దాహమనుకుని రూపేష్ సీసా ఇచ్చాడు. మల్లప్ప దాన్ని ఎర్రదాని మీద వంచి, రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"పొద్దుగాల్నే కడిగిపిచ్చిన పెద్దాయనా, దుమ్ము లేదు" అన్నాడు రూపేష్.

మల్లేశ్వర్ మా ఇంట్లో పుట్టినవాడే కదా, వాడికి అర్థమైంది. సిగ్గుపడ్డాడు. అయినా, "జర ఆగు భాయ్. స్టార్ట్ చెయ్" అన్నాడు.

ఎర్రది స్టార్టయింది. నీళ్ళు పోసినవి పోసినట్టే మెల్లగా జారిపోయాయి. మిగిలిన నీళ్ళు నీలిదాని మీద పోశాడు. రూపేష్ తాళం తిప్పగానే అది ఉరిమి, ఒళ్ళంతా వణికి, బొట్లు విదిలించింది. రెండు మా కాళ్ళ మీద పడ్డాయి.

"ఇచ్చింది" అన్నాడు మల్లప్ప.

దాని లోపల ఏదో వదులైందని రూపేష్‌కు తెలుసు. వాడి ముఖం చూసి నాకూ తెలిసింది. వాడెందుకు చెబుతాడు, నేనూ చెప్పలేదు. మల్లేశ్వర్‌కు పట్టరాని సంతోషం. నీలిదాన్నే తెచ్చాడు. కారు కూడా తన నాయన మాట విని జడ్తి ఇచ్చిందని లారీ డ్రైవర్లకు చెప్పాడు, ఊళ్ళో చెప్పాడు, ఫోను చేసి భీమప్పకు కూడా చెప్పాడు.

భీమప్ప గొర్రెల బేరగాడు, సరిహద్దుకు అవతలి కన్నడంవాడు. వాడూ గొర్రెలు కాసేవాళ్ళలోనే పుట్టాడు. బుధవారం పొద్దున్నే బండి తెచ్చి మా ఇంటి ముందు ఆపాడు. నీలికారు రోడ్డు మీద నిలబడి ఉంది. దొడ్డి కూల్చడానికి గడ్డపార కూడా గోడకు ఆనించి ఉంది.

మల్లప్ప మంద ముందు నడిచే ముసలిగొర్రెను బయటికి తెచ్చాడు. అది ఇస్తే అన్నీ ఇచ్చినట్టే. కుడిచేత్తో చెంబు ఎత్తి పోశాడు. గొర్రె నిలబడి ఉంది. ఇంకో చెంబు పోశాడు.

భీమప్ప బండ మీద కూర్చుని బీడీ ముట్టించాడు. "ఏనప్పా మల్లప్ప, నీ గొర్రె నిద్ర పోతున్నదా?"

నేను నీళ్ళ బిందెతో మల్లప్ప ఎడమ పక్కన ఉన్నాను. చెవుల వెనుక, బొచ్చులో, వాడి చెయ్యి మణికట్టు దాకా మునిగి ఉంది. చేతి మీద నరాలు లేచాయి. ముఖంలో మాత్రం ఏమీ లేదు.

మూడో చెంబు.

"గిదేంది అత్తా?" అని మల్లేశ్వర్ దగ్గరికి వచ్చాడు. మా నాయన వంగినట్టే వంగబోయాడు.

నేను బిందె తెచ్చి ఇద్దరి నడుమ పెట్టాను. "జరుగు. మీద పడితె యాడ ఇస్తది? కారు ఇచ్చిందని ఊరంత చెప్పినవ్ గద, ఇది ఇయ్యలె. గంతే."

మల్లేశ్వర్ రోడ్డు మీది కారు వైపు చూసి, వెనక్కి జరిగాడు.

ఏడు చెంబులయ్యాక భీమప్ప లేచాడు. "ఇయ్యనిదాన్ని నేను పట్ట. నాకూ పిల్లలున్నరు" అని తువ్వాలు దులిపి బండి ఎక్కాడు. డీజిలు దండగైందని సణుగుతున్న వాడికి సర్దిచెప్పడానికి మల్లేశ్వర్ వెంట పోయాడు.

బండి మలుపు తిరిగింది. మల్లప్ప చెయ్యి తీశాడు. గొర్రె తల నుంచి తోక దాకా ఒళ్ళు దులుపుకుంది. ఏడు చెంబుల నీళ్ళూ మా ఇద్దరి మీద పడ్డాయి.

మల్లప్ప నా వైపు చూశాడు. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"పొద్దెక్కింది" అన్నాను. "తోలుకపో."