విప్పని నాలుగు కట్టలు

మా పాప పుట్టడానికి ముందటి ఏడాది జూన్‌లో నాచారంలోని ఒక సాహిత్య ట్రస్టులో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. పాత గోదాము పైఅంతస్తులో రెండు గదులు. నాది కాంట్రాక్టు పోస్టు, ఆరు నెలలకొకసారి పొడిగించాలి. నాకు పైన డైరెక్టర్ గారు, నాతో పాటు బైండింగ్ పని చేసే యాదగిరి అన్న. సిబ్బంది అంతే. ఆ ఉద్యోగం వదిలేసి ఎక్కువ కాలం కాలేదు. "ముప్పై రెండేండ్లకే రిటైరైనవ్ గదా" అని మా ఆయన ఆటపట్టిస్తుంటాడు. నాకు మాత్రం ఇంకా నవ్వు రాదు.

నాకు అప్పగించినవి పందొమ్మిదో శతాబ్దానికి చెందిన ఒక రచయిత సొంత కాగితాలు, ఉత్తరాలు. ఆయన నాటకాలు రాసి, తానే ఒక సమాజం పెట్టి, ఊరూరా పందిళ్ళు వేయించి ఆడించినవాడు. ఆయన మునిమనవరాలు సుభద్రమ్మ గారు రైల్వేలో పనిచేసి రిటైరై హబ్సిగూడలో ఉండేవారు. ఒక ట్రంకు పెట్టెలో ఏడు గుడ్డ కట్టలు తెచ్చి మాకిచ్చారు. ఒక్కో నాటకానికి ఒక్కో కట్ట. ఆయన స్వయంగా వేసిన ముడులు అలాగే ఉన్నాయి.

ఈ పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. కాగితాలను బాగుచేయడం రెండో మెట్టు. అవి ఏ వరసలో దొరికాయో ఆ వరసను కాపాడటం మొదటిది. కట్ట విప్పుతూనే ప్రతి కాగితం మూలన మెత్తటి పెన్సిల్‌తో కట్ట నంబరు, వరస నంబరు వేస్తాం. ఆ తర్వాతే సన్నగా తేమ పట్టించి మడతలు సాగదీయడం, చిరుగులకు పల్చటి టిష్యూ అతికించడం. అదీ గోధుమపిండి జిగురుతోనే. రేపు ఇంకొకరు వచ్చి మనం చేసింది తప్పనుకుంటే, తడి దూదితో ఊడదీయగలిగేలా ఉండాలి.

వరస ఎందుకంత ముఖ్యమో నాకు రెండో కట్టలో అర్థమైంది. అందులో ఒక అంకం చిత్తుప్రతి ఉంది. దాని కింద, ఆడవేషం కట్టే నటుడు రాసిన ఉత్తరం. చనిపోయే ఘట్టంలో అన్ని పద్యాలు పాడటానికి తనకు ఊపిరి చాలడం లేదని. దాని కింద మళ్ళీ అదే అంకం, అయిదు పద్యాల్లో రెండే మిగిలాయి. ఆ ఉత్తరం మీద తేదీ లేదు. రోజూ కనిపించే మనిషికి రాసే చీటీ మీద తేదీ ఎవరు వేస్తారు? ఆ రెండు ప్రతుల మధ్య ఉంది కాబట్టే అది ఎప్పటిదో, దానివల్ల నాటకం ఎలా మారిందో తెలుస్తుంది. పక్కకు తీస్తే అది ఎవరిదో ఆయాసం, అంతే.

నెలలు నిండే సమయానికి మూడు కట్టలు పూర్తి చేయగలిగాను. నాలుగు విప్పలేదు. కాంట్రాక్టు వాళ్ళకు ప్రసూతి సెలవు రాదని, సర్వీసులో 'బ్రేక్' అని రాస్తానని డైరెక్టర్ గారన్నారు. సెలవు రాదన్నది నిజం కాదని నాకు తెలుసు. వాదిస్తే మళ్ళీ తీసుకోరేమోనని ఊరుకున్నాను. కట్టల విషయంలో మాత్రం ఊరుకోలేదు. నంబర్లు వేయకుండా ఆ నాలుగూ విప్పవద్దని, ఒకవేళ విప్పితే ఎలా నంబర్లు వేయాలో రెండు పేజీల నోటు రాసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చదివి చివర 'చూశాను' అని సంతకం చేశారు.

"ఫికర్ జేయకమ్మా. నువ్వు జర నీ పానం సూస్కో" అన్నారు.

పాపకు నాలుగో నెల రాగానే తిరిగి చేరాను. పాపను దమ్మాయిగూడలో అత్తమ్మ దగ్గర దించి, పాలు తాగుతుందో లేదో, ఒళ్ళు వెచ్చబడిందేమో అనుకుంటూనే గోదాము మెట్లెక్కాను. గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన. యాదగిరి అన్న సంతోషంగా ఎదురొచ్చి, బల్ల మీదున్న నాలుగు ఆల్బములు చూపించాడు. ప్రముఖుల ఉత్తరాలు, నటుల ఉత్తరాలు, నాటక ప్రతులు, తేదీ లేనివి. ఏడు కట్టల్లోని కాగితాలూ వేడి మిషన్‌లో ప్లాస్టిక్ కవరెక్కాయి.

"సూడక్కా, మస్తు గట్టిగైనయ్. ఇంక నీళ్ళు వడ్డా ఏం గాదు" అన్నాడు.

అతని మీద నాకు కోపం లేదు. డైరెక్టర్ గారు చెప్పింది చేశాడు, శ్రద్ధగా చేశాడు. ఆ కాలపు సిరాలో అన్నభేది అనే ఇనుప లవణం ఉంటుంది, అది మెల్లగా కాగితాన్ని తింటుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా తింటుంది అని నేను చెబుతుంటే అతని ముఖం వాడిపోయింది. చెప్పకుండా ఉండాల్సింది. అప్పటికి ఆ మాటతో ఎవరికీ పనిలేదు.

నేను విప్పిన మూడు కట్టల్లో పెన్సిల్ నంబర్లున్నాయి, ప్లాస్టిక్ లోంచి కనిపిస్తున్నాయి. వాటి వరస మళ్ళీ చెప్పగలం. మిగతా నాలుగు కట్టలకు ఆ ఆధారం లేదు. డైరెక్టర్ గారిని అడిగితే, నెలాఖరుకు రీడింగ్ రూమ్ ప్రారంభమని, పెద్దలు వస్తారని చెప్పారు.

"మంత్రిగారొస్తే మూటలు సూపెట్టాల్నా?" అన్నారు. నా నోటు సంగతి ఎత్తితే, అది ఫైల్లోనే భద్రంగా ఉందన్నారు. తర్వాత నాకు కొత్త పని చెప్పారు. తేదీ లేనివాటన్నిటికీ అందాజుగా తేదీలు వేయాలట, నాకు గుర్తుండే ఉంటుందట. ఆ కట్టల లోపల ఏముందో నేను చూడనేలేదని చెప్పాను. "గట్ల పట్టుకుని కూసుంటే పనిగాదమ్మా" అన్నారు. నేను వేయలేదు. ఇంకెవరితోనో వేయించారు.

ప్రారంభం రోజు సుభద్రమ్మ గారికి శాలువా కప్పారు. ఆమె ఆల్బములు పేజీ పేజీ తిప్పి చూశారు. చివరికి నన్ను దగ్గరికి పిలిచి, చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడకుండా అడిగారు.

"ఆ కట్టల గుడ్డలేవమ్మా?"

పారేశారని చెప్పాను.

"మా నాన్న ఆ ముడులు విప్పలేదు. నేనూ విప్పలేదు. విప్పడం మీకు తెలుసని ఇచ్చాను."

శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, భోజనాలకు ఆగకుండా వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నెలలో కేటలాగు అచ్చయింది. తేదీ లేని ఉత్తరాలకు ఊహించి వేసిన తేదీలు ప్రశ్నార్థకం కూడా లేకుండా ఉన్నాయి. మొదటి పేజీలో 'సిద్ధపరచినవారు' అని నా పేరు. తీసేయమని రాతపూర్వకంగా అడిగాను. మర్యాద కోసం వేసినదాన్ని తీయడం మర్యాద కాదన్నారు. పొడిగింపు గడువు వచ్చినప్పుడు నేను దరఖాస్తు పెట్టలేదు. ఆ తేదీలను ఆధారం చేసుకుని ఇప్పటికే ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. అధస్సూచికలో నా పేరుంది.

ఈ రంగంలోకి వచ్చే అమ్మాయిలకు నేను చెప్పగలిగింది ఒక్కటే. సెలవు మీద వెళ్ళేటప్పుడు నోటు రాసి నమ్మకండి. సంతకం చేసినవాడు కూడా దాన్ని చదివి పక్కన పెట్టగలడు. విప్పని కట్టలను ఇచ్చినవాళ్ళ ఇంటికి తిరిగి పంపించండి, రసీదు తీసుకోండి, ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్ళండి.