రండి, కూకోండి, వస్తన్నాను

నిన్న పొద్దున్న ఫోన్ మోగితే పైడిరాజు పేరే కనిపించింది. ఎత్తి, అలవాటుగా తిట్టబోయాను. అవతల వాళ్ళ తమ్ముడి గొంతు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

"ఏటి?" అన్నాను. వాడు మళ్ళీ చెప్పాడు. నేను మళ్ళీ అదే అడిగాను.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను, మాకు చుట్టరికం ఏమీ లేదు. విజయనగరంలో ఇంజనీరింగ్ మొదటి రోజు నా పక్కకొచ్చి "జరుగు బావ" అన్నాడు. అంతే, బావ అయిపోయాడు.

కొన్నేళ్ళుగా ఇద్దరం ఉద్యోగాలు పోను మిగిలిన టైంలో జావాస్క్రిప్ట్‌కి ఒక సర్వర్ సైడ్ రెండరింగ్ ఫ్రేమ్‌వర్క్ కడుతున్నాం. కట్టింది వాడు. తప్పులు వెతికి విసిగించింది నేను.

చాలా వెబ్‌సైట్లు కోడ్ మూట మొత్తం మన ఫోన్‌కి పంపి, నువ్వే వండుకో అంటాయి. సిగ్నల్ అంతంతమాత్రమైతే తెల్ల స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. వీడి దాంట్లో వంటంతా సర్వర్‌లోనే. ఏది ఉడికితే అది ముందు పంపేస్తుంది, మిగతాది వెనకాల వస్తుంది.

ఇలాంటివి వేరేవాళ్ళూ చేశారు. వాడికి మాత్రం ఐడియా వచ్చింది వాళ్ళమ్మ దగ్గర.

కొత్తవలస దగ్గర వాళ్ళింటికి ఎవరెళ్ళినా ఆవిడ ముందు కాళ్ళకి చెంబుతో నీళ్ళిస్తుంది. తర్వాత చాప. ఎందుకొచ్చావన్న మాట ఆ తర్వాతే.

"అన్నం ఉడకలేదని మనిషిని గుమ్మంలో నిలబెడతామేటి బావ?"

ఫ్రేమ్‌వర్క్‌కి, చెంబుని వాళ్ళమ్మ పలికినట్టే, సెంబు అని పేరు పెట్టేశాడు. నేను స్టైల్‌గా ఉండే పేర్లు చాలా చెప్పాను. అన్నీ శ్రద్ధగా విని సెంబు అనే ఉంచాడు.

లోడింగ్ అని గిరగిరా తిరిగే గుండ్రం వాడికి పడదు. దాని బదులు "రండి, కూకోండి, వస్తన్నాను" అని రాశాడు.

కాలేజీలో జూనియర్లకి డెమో ఇస్తే పేజీ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. హాలంతా నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. వీడు స్టేజి మీద కుర్చీ లాక్కుని శుభ్రంగా కూర్చున్నాడు.

టెస్టింగ్‌కి కొత్తవలసలో కిరండూల్ పాసింజర్ ఎక్కేవాళ్ళం. కొండల్లోకి వెళ్ళాక అన్నీ సొరంగాలే. సొరంగంలో సిగ్నల్ పోతుంది. బయటపడ్డాక, మనం ఏమీ నొక్కకుండా, మిగతా పేజీ దానంతట అదే రావాలి. అదీ వాడి పంతం.

ఒక్కసారీ రాలేదు.

చీకట్లో వాడి మొహం మీద ఫోన్ వెలుగు. కిటికీలోంచి తడి రాళ్ళ వాసన. బోగీ ఊగుతుంటే నాకు నిద్రా మెలకువా ఒకటైపోయేవి. ఉన్నట్టుండి పచ్చగా లోయ వచ్చేది. వాడు లోయ చూడడు, స్క్రీన్ చూస్తాడు.

"వస్తాది బావ. సీకటి దాటినాక వస్తాది. నువ్వు మూసెయ్యకు."

ఈ ఆదివారం మళ్ళీ వెళ్దామనుకున్నాం. కోడ్ కొత్తగా మార్చానన్నాడు. నేను నమ్మలేదు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళి, చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడ్డాను. చెంబు రాలేదు. చావు జరిగిన ఇంట్లో వచ్చినవాళ్ళకి అలా ఇవ్వరు కదా. అమ్మ నన్ను చూసి లేవబోయింది. పక్కవాళ్ళు కూర్చోబెట్టేశారు.

అక్కడ ఏడ్చాను.

ఏం చెయ్యాలో తోచక అరుగు మీద కూర్చుని వాడి సైటు తెరిచాను.

రండి, కూకోండి, వస్తన్నాను.

ఆ ఇంట్లో నిన్న నన్ను రమ్మన్నది అదొక్కటే.

మిగతాది రాలేదు. ఆ మొదటి మాట అద్దె సర్వర్ నుంచి వస్తుంది. మిగతా పేజీ వాడి గదిలోని, బ్యాటరీ పోయిన పాత లాప్‌టాప్ నుంచి రావాలి. వాణ్ణి బయటికి తెచ్చేటప్పుడు గదిలో స్విచ్చులన్నీ ఆపేశారట. అది తెలిసి కూడా ట్యాబ్ మూయలేకపోయాను.

సాయంత్రం, అంతా అయ్యాక, వాడు పడుకునే చోట దీపం పెట్టడానికి తమ్ముడు గదిలోకి వెళ్ళి స్విచ్చులు వేశాడు. కరెంటు వస్తే తనే లేచేలా లాప్‌టాప్‌ని పెట్టుకున్నాడు పైడిరాజు.

నా చేతిలో ఫోన్. నేనేమీ నొక్కలేదు.

పేజీ వచ్చింది.

కొత్తగా పెట్టిన ఫోటో కూడా వచ్చింది. కిటికీ పక్కన నోరు తెరుచుకుని నిద్రపోతున్న నేను. నా వెనక పచ్చగా లోయ.

లోయ నువ్వూ చూశావన్నమాట బావ.

ఆ ఫోన్ పట్టుకెళ్ళి అమ్మకి చూపించాను. "వచ్చిందమ్మా" అన్నాను.

వెళ్ళిరా బావ. ఆ చీకటి దాటాక నీకూ ఎవరో చెంబుతో నీళ్ళిస్తారు. కాళ్ళు కడుక్కుని, శాంతిగా కూకో.