మా ఇంటి పేజీ

మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి మా కాలేజీ స్టాఫ్ రూములో ఎవరో ఒకరు క్యారియర్ విప్పుతారు. పొద్దుటి నుంచి మూతల కింద మగ్గిన వేడి అన్నం, పప్పుచారు, వేపుడు, వాటితో పాటు కాస్త స్టీలు వాసన, అన్నీ కలిసి ఒక్కసారిగా గదంతా పరుచుకుంటాయి. అమలాపురంలో ఈ ఉద్యోగంలో చేరి చాలా ఏళ్ళయింది. అందరికీ ఆ వాసనతో ఆకలి పుడుతుంది. నాకు మాత్రం సువార్తమ్మ గారు గుర్తొస్తారు. గుర్తొచ్చిన రోజున పక్కవాళ్ళు ఏదో మాట్లాడుతూనే ఉంటారు, నేను ఊరికే తలూపుతుంటాను.

మీకు ఆవిడ తెలియదు కనుక చెప్పాలి. రాజోలు వైపు మనిషి. తాతగారు ఒక ఆసామీ పొలంలో పాలేరు, నాన్నగారు మిషను బడిలో మాస్టారు. ఆవిడ విశాఖపట్నం వెళ్ళి మానవశాస్త్రం చదివి, అక్కడే పాఠాలు చెప్పి, యాభై దాటాక ఒక పుస్తకం రాద్దామని కోనసీమకి తిరిగొచ్చారు. పుస్తకం దేని మీదంటే, చావు జరిగిన ఇంటికి అన్నం ఎవరు పంపుతారు అన్నదాని మీద. మనిషి పోయిన ఇంట్లో మా వైపు పొయ్యి వెలిగించరు, చుట్టాలో ఇరుగుపొరుగో వండి పంపుతారు. ఇందులో కొత్తేముంది, దీనికి పుస్తకమెందుకు అని నాకు నవ్వొచ్చింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. అయినా డిగ్రీ పూర్తయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను, కొత్తపేట దగ్గర మా ఊరు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తెలుసు, పైగా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని నాకొక గర్వం. ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరిపోయాను.

మొదటి రోజు ఆవిడ అద్దెకున్న మేడ మీద గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "సంస్కృతి అంటే ఏంటమ్మా సుజాతా?" అని అడిగారు. పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు రెచ్చిపోయాను. ప్రభల తీర్థం అన్నాను, కూచిపూడి అన్నాను, హరికథలన్నాను, చివరికి పూతరేకుల దాకా వెళ్ళాను. ఆవిడ ఒక్కటి కూడా కాదనకుండా విన్నారు.

"ఆయ్, బావుంది. అవన్నీ చుట్టాలొచ్చినప్పుడు చూపించుకునేవి. చుట్టాలెవరూ లేనప్పుడు మీ ఇంట్లో ఏం జరుగుద్దో చెప్పు."

"మా ఇంట్లో ఏం జరగదండి. అంతా మామూలే."

"ఆ మామూలే మనక్కావాలి" అన్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ జీతం మాట్లాడుకున్నాం కనుక అర్థమైనట్టే కూర్చున్నాను.

ఆవిడ పని చేసే తీరు నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. పెరట్లో ఆడవాళ్ళు ఏ పని చేస్తుంటే ఆ పని దగ్గరికి వెళ్ళి, నేల మీద చతికిలబడి తనూ అందుకునేవారు. ప్రశ్నలడిగేవారు కాదు. "ఖాళీ చేతుల్తో కూర్చుంటే చుట్టానివి. చిక్కుడుకాయల ఈనె తీస్తా కూర్చుంటే ఇంట్లో మనిషివి. చుట్టానికి ఎవరూ నిజం చెప్పరు" అనేవారు. నాకంత ఓపిక ఎక్కడిది? ఆవిడ ఒక వారం విశాఖ వెళ్ళినప్పుడు, నా ప్రతాపం చూపిద్దామని, ప్రశ్నలు అచ్చు వేయించుకుని రెండు ఊళ్ళు తిరిగేశాను. చావింటికి అన్నం పంపుతారా? "ఆయ్, పంపుతామండి." ఎవరింటి నుంచి వచ్చినా తింటారా? "ఆయ్, తింటామండి. అలాంటి టైములో తేడాలేంటండి." ఒక్క ఇల్లు తప్పలేదు. మా జిల్లా ఇంత గొప్పదా అని పొంగిపోయి, కాగితాల కట్ట తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ అన్నీ తిరగేశారు. ఓపిగ్గా, మెల్లగా, చివరి కాగితం దాకా. తర్వాత నవ్వారు. "ఇందులో అబద్ధం ఏం లేదమ్మా. గోదావరోళ్ళ మర్యాద ఉంది. గుమ్మంలో నించుని అడిగిన పిల్లకి కాదని చెప్పడం వాళ్ళ నోటికి రాదు. ఇదొక సంగతి. ఇప్పుడు రెండో సంగతి చూడాలి." నోటు పుస్తకంలో పేజీ మధ్యగా గీత గీశారు. ఎడమవైపు 'చెప్పింది' అని, కుడివైపు 'చూసింది' అని రాశారు. ఎడమవైపు అప్పటికే నిండిపోయింది. కుడివైపు నింపడానికి మాకు ఏడాదిన్నర పట్టింది.

ఆ ఏడాదిన్నరలో నన్ను మార్చిన రోజు ఒకటుంది. ఐ.పోలవరం అవతల ఒక జాలరిపేటకి మేం నెలరోజులుగా వెళ్తున్నాం. అక్కడ మాకు బాగా తెలిసిన ఒక పెద్దాయన పోయాడు. వెళ్ళి ఆ ఇంటి ఆడవాళ్ళ పక్కన చాలాసేపు కూర్చున్నాం. లేచి బయటికొచ్చి చెరువుల గట్టు మీద నడుస్తుంటే మేడమ్ గారు ఆగారు.

"సుజాతా, ఎవరింట్లోంచి లేచినా వెళ్ళొస్తానండి అంటావు. ఇందాక అనలేదేం?"

"చావింట్లో అనకూడదు కదండీ."

"ఎవరు చెప్పేరు నీకు?"

అమ్మ చెప్పిందేమో అని తలచుకున్నాను. చెప్పలేదు. నానమ్మా చెప్పలేదు. "ఎవరూ చెప్పలేదండి."

"బళ్ళో చెప్పేరా?"

"లేదండి."

"పోనీ పుట్టినప్పుడే తెలుసా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. మండుటెండలో ఆ గట్టు మీద నిలబడి, ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "పుట్టుకతో తెచ్చుకోలేదు. బళ్ళో ఎవరూ నేర్పలేదు. చుట్టూ ఉన్న మనుషుల్లోంచి నీ ఒంట్లోకి వచ్చేసింది. నేర్చుకున్నానన్న సంగతి కూడా మర్చిపోయేవు. ఆ పేటోళ్ళకీ తెలుసు, నీకూ తెలుసు, వాళ్ళెవరో నువ్వెవరో. మేం సంస్కృతి అనేది దీన్నమ్మా. అదెలా వచ్చిందో, ఎవరి దాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో వెతకడమే మన పని."

ఇరవై రెండేళ్ళుగా నాలో ఉండి, నాకే తెలియకుండా నన్ను నడిపిస్తున్నవి ఇంకెన్ని ఉన్నాయో అనిపించింది. తిరుగు బస్సులో కూర్చుని మనుషుల్నే చూస్తూ వచ్చాను. ఒకావిడ ముసలాయన్ని చూసి ఒళ్ళోని సంచి పక్కకి జరిపింది. చిల్లర ఎడమచేత్తో అందుకోబోయిన కుర్రాడు చటుక్కున చెయ్యి మార్చాడు. రోజూ చూసే బస్సే, ఆ రోజు గుళ్ళోకి వెళ్ళినట్టు కూర్చున్నాను. అంత పెద్ద లోకాన్ని ఆవిడ నాలుగు ప్రశ్నలతో తెరిచారు.

మరుసటి వేసవిలో మా తాతగారు పోయారు. మాది ఉమ్మడి కుటుంబం, వరి చేలూ కొబ్బరి తోటలూ ఉన్న ఇల్లు. పెద్దమ్మ మాటే చెల్లుబాటు. రెండో రోజు పొద్దున్న సువార్తమ్మ గారు వచ్చారు, చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. తెల్లవారుజామునే లేచి వండుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. పెద్దమ్మ ఎదురెళ్ళింది.

"అయ్యో, మీరెందుకండీ ఇంత శ్రమ పడ్డారు?"

"శ్రమేం ఉందండి. పిల్లలు ఏం తిన్నారో ఏంటో అని."

"ఆయ్, అలా బల్ల మీద పెట్టించండి" అంది పెద్దమ్మ. మాటలో ఎక్కడా తక్కువ చేయలేదు. కుర్చీ వేయించింది. మేడమ్ గారు కాసేపు కూర్చుని, వెళ్ళొస్తానని అనకుండానే లేచి వెళ్ళిపోయారు.

తర్వాత చుట్టాల ఇళ్ళ నుంచి క్యారియర్లు వచ్చాయి. అవి వచ్చినవి వచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళాయి. మేడమ్ గారిది మాత్రం వరండాలో బల్ల మీదే ఉంది. ఎవరూ దాన్ని చూడనట్టే దాని పక్కనుంచి నడిచారు. మూడు గంటలకి పెద్దమ్మ పాలేరు సత్తిబాబుని పిలిచి, "మీ ఇంటికి పట్టుకెళ్ళి గిన్నెలు తెచ్చెయ్" అంది. వాడు పట్టుకెళ్ళాడు.

పదిరోజుల పైన, పెద్దకార్యం అయ్యాక, క్యారియర్ తిరిగిచ్చేందుకు అమలాపురంలో మేడమ్ గారి గదికి వెళ్ళాను. మేడమ్ గారు నన్ను పలకరించి, అమ్మ ఎలా ఉందని అడిగి, నోటు పుస్తకం ముందుకు జరిపారు. ఆ నెలలో మేం రాయవలసిన ఇళ్ళ జాబితాలో మా ఇల్లూ ఉంది. "మీ ఇంటి పేజీ ఖాళీగా ఉందమ్మా" అన్నారు, అంతే. రాయి అనలేదు, వద్దనలేదు.

ఆ రోజు నాకున్న కష్టం ఇది. రాస్తే మా ఇంటి పరువు నా చేత్తో నేనే తీసుకున్నట్టు. రాయకపోతే పక్కిళ్ళ గుట్టు ఏడాదిగా కుడివైపు గడిలో నింపుతూ వచ్చినదాన్ని, ఏ మొహంతో ఆవిడ దగ్గర కూర్చోను? గురివింద తన కింద నలుపెరగదని ఊరికే అన్నారా. చివరికి కోపంగా రాశాను. జరిగిందంతా రాసి, కింద 'మా వాళ్ళు మూర్ఖులు' అని గట్టిగా అదిమి రాశాను.

ఆవిడ చదివి, ఆ ఆఖరి వాక్యాన్ని పెన్సిలుతో కొట్టేశారు. "ఇది నువ్వు చూసింది కాదు కదా." తర్వాత అడిగారు, "క్యారియర్ ఎవరు తోమేరు?"

"పెద్దమ్మేనండి. సత్తిబాబు తెచ్చాక తనే మళ్ళీ తోమింది."

"లోపల ఏదో కదుల్తోంది."

"బెల్లం ముక్కండి. గిన్నె ఖాళీగా పంపకూడదని తనే పెట్టింది."

ఆవిడ మూత తీసి, ఆ బెల్లం ముక్కని చేతిలోకి తీసుకుని అలా చూశారు. "అన్నం లోపలికి రానివ్వలేదు. గిన్నె ఖాళీగా పంపడానికి మనసొప్పలేదు. రెండూ ఆవిడే. ఒకటి రాసి ఒకటి మానేస్తే మీ పెద్దమ్మ ఈ పేజీలో ఉండదమ్మా." తన అన్నాన్ని పక్కన పెట్టిన మనిషి గురించి ఆవిడ అంటున్న మాట అది. నేను ఇంకెవరి దగ్గరా అంత పెద్ద చూపు చూడలేదు. ఆవిడకి బాధ లేదని అనుకునేంత అమాయకురాలిని కాను. బాధ ఉంది, ఉండి కూడా పెద్దమ్మని సగం చేయనివ్వలేదు.

నేను బెల్లం సంగతి రాశాను. ఆవిడ మళ్ళీ చదివారు.

"ఇంకా ఒక మనిషి తక్కువైందమ్మా ఇందులో."

లెక్క చూసుకున్నాను. పెద్దమ్మ ఉంది, సత్తిబాబు ఉన్నాడు, చుట్టాలున్నారు. "ఎవరండీ?"

"నువ్వు. నువ్వెక్కడున్నావు ఆ పూట?"

"గుమ్మంలోనండి. బల్ల పక్కన."

"ఆకలేసిందా?"

"వేసిందండి."

"తిన్నావా?"

"లేదండి."

"ఎవరన్నా వద్దన్నారా?"

"లేదండి. ఎవరూ ఏం అనలేదు."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక గానీ నాకు వినపడలేదు. ఏది చూసి బస్సులో పరవశించానో, అదే నా చెయ్యి పట్టుకుని ఆపింది. పెద్దమ్మ మీదికి తోసేసి నేను తప్పుకున్నాను. ఆవిడ ముఖంలోకి చూడ్డానికి ధైర్యం చాలలేదు, అయినా చూశాను. కోపం కోసం వెతికాను, ఉంటే తేలికయ్యేదాన్ని. జాలరిపేటలో ఆడవాళ్ళ మాట వినేటప్పుడు ఎలా ఉండేవారో అలాగే ఉన్నారు, అంత శ్రద్ధగా.

"అది కూడా రాయి" అని పెన్సిలు ఇచ్చారు.

'నాకు ఆకలి వేసింది. ఎవరూ వద్దనలేదు. నేను తినలేదు' అని రాశాను. నా ముత్యాల దస్తూరీ వంకర్లు పోయింది. ఆవిడ చదివి, పుస్తకం మూసి, "పదమ్మా, రాజోలు బస్సు వెళ్ళిపోద్ది" అని చెప్పులు తొడుక్కున్నారు. క్షమించండి అందామని మెట్ల మీద రెండుసార్లు నోరు తెరిచాను. ఆవిడ ఆ రోజు వెళ్ళబోయే ఇంటి గురించి మాట్లాడుతూనే ఉన్నారు. అనివ్వలేదు. అంటే నాకు హాయిగా ఉండేది, పేజీలో రాసింది మాఫీ అయిపోయేది.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నా దగ్గర పిల్లలు ఇదే శాస్త్రం చదువుకుంటున్నారు, నేనూ ఊళ్ళు తిరుగుతున్నాను. ఎవరింటి పేజీ రాసినా చివర నా సంగతి రాస్తాను, ఎక్కడ కూర్చున్నాను, ఏం పెట్టారు, ఏది తిన్నాను, ఏది తినలేదు. మా శాస్త్రంలో దీన్ని పద్ధతి అంటారు, పిల్లలకీ అలాగే చెప్తాను. కొన్ని ఇళ్ళ దగ్గర ఆ వాక్యం రాయకుండా దాటేద్దామని ఇప్పటికీ అనిపిస్తుంది. అలా అనిపించిన రోజున ముందు ఆ వాక్యమే రాస్తాను.