ప్రమీల సైటుకు కొత్తలు

సున్నం ప్రమీల పట్టిన పట్టు విడవదని దమ్మపేట అవతల అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు బావిలో పడ్డ చేద కోసం అన్నం కూడా మానేసి, పొద్దుగూకేలోపు దాన్ని పైకి తీసిన పిల్ల. డిగ్రీలో కంప్యూటర్ చదువుకుని ఊళ్లోనే ఉండిపోయింది. ఆడవాళ్ల సంఘం తెచ్చే తేనె, చేసే ఇప్పపువ్వు లడ్డూలు అమ్మడానికి ఒక వెబ్‌సైటు కట్టింది. అంతకుముందు సరుకంతా సంతలో బేరగాళ్ల పాలయ్యేది. వాళ్ల కాటా వాళ్ల మాటే వినేది.

ఆ సైటు కాస్తా చచ్చి ఊరుకుంది. పొద్దున్నే తెరిస్తే తెల్లటి తెర, దాని మీద “ఈ వెబ్‌సైటులో తీవ్రమైన లోపం తలెత్తింది” అని ఒక్క ముక్క. ఏం లోపమో చెప్పి చావదు. సైటును నడిపే పేజీలోకి పోదామంటే అదీ తెరుచుకోదు.

సంఘానికి పెద్ద పుల్లమ్మ. ప్రమీలకు మేనత్త. “మధ్యాహ్నం మీటింగుల తేల్చేస్తం పిల్లా. అప్పటికి తెరుచుకుంటే సరే, లేకుంటే ఎప్పటి తీరు సంతకే ఏసుకుంటం. కనబడని దుకాణం ఎవలకు కావాలె?” అని మొహం మీదే అనేసింది.

ప్రమీలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే సైటు లేస్తుందా? మళ్లీ ఆ కాటా ముందు చేతులు కట్టుకుని నిలబడే ముచ్చటే లేదనుకుంది. లాప్‌టాప్ చంకన పెట్టుకుని, సిగ్నల్ అందే పంచాయతీ మేడ ఎక్కి, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుంది. సైటు పని నేర్పిన ఖమ్మం కిశోర్ సారుకు ఫోన్ చేస్తే ఎవరిదో పెళ్లిలో ఉన్నాడు. “రేపు చూద్దామమ్మా” అన్నాడు. రేపు చూడటానికి ఏం మిగులుతుంది, నా మొహం అని ఫోన్ పెట్టేశాక గొణుక్కుంది.

ముందు అనుమానం తన మీదే. నిన్న లడ్డూల ఫొటో ఎక్కించింది. ఫైళ్లుండే సర్వర్‌లోకి వేరే దారిన వెళ్లి దాన్ని తీసేసింది. ఉహూఁ. సర్వర్ కిరాయి గడువు చూసింది. ఇంకా చాలా ఉంది. నెట్ తప్పేమోనని ఫోన్‌లో తెరిచింది. అక్కడా అదే తెల్ల తెర.

ఇంతలో పుల్లమ్మ జావ చెంబుతో మేడ ఎక్కి వచ్చింది. మాట అయితే అనేసింది గానీ మేనకోడలు తిండీ నీళ్లూ లేకుండా మేడ మీద కూర్చుంటే ఉండబట్టలేదు. “ఏంది, ఇంకా లేవలేదా? ఇంట్ల ఎవలకన్న ఉన్నట్టుండి పానం బాగలేకుంటే ముందు ఏమడుగుతం? కొత్తలు కాకముందే ఏమన్న నోట్లె పెట్టినవా అని అడుగుతం గదా. దీన్ని అడిగినవా?” అని వేళాకోళమాడింది.

ఆ ఊళ్లో మామిడికాయైనా చిక్కుడుకాయైనా కొత్త కాపును ఊరికే ముట్టరు. కొత్తల పండుగ చేసి, వేల్పుకు పెట్టి, పెద్దలు తిన్నాకే ఇంటిల్లిపాదీ తినాలి.

ప్రమీలకు నవ్వు రాలేదు. నేను పెట్టింది తీసేశాను సరే, అదే సొంతంగా ఏమన్నా తిన్నదా? సైటుకు ప్లగిన్లని చిన్న చిన్న చేర్పులుంటాయి. ఆర్డర్లు తీసుకునేదొకటి, ఫొటోలు పేర్చేదొకటి, ఇలా. వాటికి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దానంతటదే వేసుకునేలా ఆటోమేటిక్ మీట నొక్కి పెట్టింది తనే. తనకు శ్రమ తప్పుతుందనుకుంది. కొత్తలు కానిదే మామిడి పిందె కొరకని పిల్ల, సైటును మాత్రం దొరికిందల్లా తినమని వదిలేసింది!

ప్లగిన్లుండే ఫోల్డర్ పేరు మార్చింది. అలా చేస్తే సైటుకు అవి కనబడవు. తెర కదిలింది. ఆర్డరు బటన్ లేకుండా బోసిగా, తేనె సీసాలు కనబడ్డాయి.

“బతికింది అత్తా!” అని కేకేసింది.

పుల్లమ్మ చెంబు కింద పెట్టి పక్కనే కూలబడింది. ప్రమీల ఫోల్డర్‌కు పాత పేరు పెట్టి, ఆగిపోయి ఉన్న ప్లగిన్లను ఒక్కొక్కటే నడిపిస్తూ, ప్రతిసారీ సైటు తెరిచి చూసింది. ఫొటోలది బాగానే ఉంది. ఆర్డర్లది నడిపించగానే మళ్లీ తెల్ల తెర. దొంగ దొరికింది. దాని కొత్త వెర్షన్ సైటుకు పడలేదు. దాన్ని పీకేసి పాత వెర్షనే తెచ్చి పెట్టింది. ఆటోమేటిక్ మీట ఆపేసింది.

మీటింగులో ఫోన్ చేతులు మారింది. అందరికీ సైటు తెరుచుకుంది. ఏమైందని అడిగారు.

“కొత్తలు చెయ్యకుండ తిన్నది” అంది ప్రమీల.

ఒక్కరూ నవ్వలేదు. అలా తింటే ఏమవుతుందో వాళ్లకు ఒకరు చెప్పాలా? ఇకమీదట సైటుకు ఒక నకలు పెట్టి, ఏ కొత్తదొచ్చినా ముందు దానికి వేసి చూస్తానని చెప్పింది ప్రమీల. సంత మాట ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు ఆర్డర్ల ప్లగిన్‌కు ఇంకో వెర్షన్ వచ్చింది. నకలుకు వేస్తే అన్నీ సక్రమంగానే తెరుచుకున్నాయి. అసలు సైటుకు వేయబోతుంటే, తేనె వడగడుతున్న పుల్లమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆపింది.

“ఆగు. పెద్దదాన్ని నేనున్న గదా.”

కళ్లు చిట్లించి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, నకలు సైటులో తన పేరు మీద లడ్డూలు ఆర్డరు పెట్టింది. ఆర్డరు అందినట్టు ప్రమీల ఫోన్ మోగింది.

“ఆఁ, ఇగ అందరం తినొచ్చు” అంది పుల్లమ్మ.